వార్తల్లో పదం: ప్రాస్పెరిటీ గాస్పెల్

2025 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ వైట్‌హౌస్‌లో ఫెయిత్ ఆఫీసు పెట్టి, దాని బాధ్యతను పాస్టర్ పౌలా వైట్ కెయిన్‌కు అప్పగించారు. వార్తల్లో ఆమె పేరు వెంట తరచూ కనిపించే మాట ప్రాస్పెరిటీ గాస్పెల్. ఆ ముద్రపై ఆమెకు అభ్యంతరం ఉంది.

విశ్వాసంతో అడిగి, ధారాళంగా కానుక ఇచ్చేవారికి దేవుడు ఈ లోకంలోనే డబ్బు, ఆరోగ్యం ఇస్తాడనే బోధ ఇది. తెలుగులో సమృద్ధి సువార్త అంటారు.

ఇందులో కీలకం ‘విత్తనం’ పేరుతో ఇచ్చే కానుక. అమెరికన్ టీవీ ప్రసంగీకుడు ఓరల్ రాబర్ట్స్ ఈ ఆలోచనను ఇంటింటికీ చేర్చారు. 1970లో దీనిపై పుస్తకమే రాశారు. దేవుడే ఆధారమని నమ్మాలి, ముందు ఇవ్వాలి, ఆపై అద్భుతం కోసం ఎదురుచూడాలి అన్నది ఆయన సూత్రం. తెలుగు సంఘాలకు బాగా తెలిసిన దశమ భాగం వేరు. అది చేతికొచ్చిన ఆదాయంలో పదో వంతు. విత్తనమేమో ఇంకా రాని మేలు కోసం ముందే ఇచ్చేది. అందుకే అప్పుల్లో ఉన్నవారిని, జబ్బుపడ్డవారిని ఈ పిలుపు ఎక్కువగా కదిలిస్తుంది.

పేదలకు ఇది ధైర్యాన్నీ ఎదగాలన్న పట్టుదలనూ ఇస్తుందని సమర్థకులంటారు. లేమి అంటే విశ్వాస లోపమన్న నింద మిగులుతుందని విమర్శకులంటారు. 2010లో కేప్‌టౌన్‌లో జరిగిన సువార్తిక క్రైస్తవుల లొసాన్ మహాసభ ఈ బోధను తిరస్కరించింది. ఈ బోధకు పేరుపడ్డ బెన్నీ హిన్ 2019లో, వెయ్యి డాలర్ల విత్తనం ఇమ్మని ఇక అడగనని ప్రకటించారు.