పెద్దవాళ్ల దిగులుకు నడక మందవుతుందా? ఎందుకు, ఎలా?

హైదరాబాద్ శివారులోని అబ్దుల్లాపూర్‌మెట్ చుట్టుపక్కల పొలాలు ప్లాట్లయ్యాయి. పొలం అమ్ముకున్న పెద్దాయనకు డబ్బైతే వచ్చింది గానీ, తెల్లారితే ఎటు వెళ్లాలో తెలియకుండా పోయింది. నల్లగొండ వైపు నుంచి కొడుకు ఇంటికి వచ్చి చేరిన అమ్మదీ అదే స్థితి. "పానం మంచిగ లేదు, ఏం చెయ్యబుద్ధి అయితలేదు" అంటారు. నిద్ర పట్టదు, అన్నం సయించదు. ఇంట్లోవాళ్లేమో వయసు మీద పడిందనుకుని ఊరుకుంటారు. రెండు వారాలు దాటినా ఇలాగే ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. నయమయ్యే జబ్బే.

పనికీ మనసుకూ ఏమిటి సంబంధం? అమెరికా మనస్తత్వవేత్త పీటర్ లెవిన్సన్ 1970లలో దీన్ని వివరించారు. తృప్తినిచ్చే పనులు తగ్గితే మనసు కుంగుతుంది, కుంగిన మనసు ఉన్న పనులనూ మాన్పిస్తుంది. పొలంతోపాటు పొద్దుటి నడక, బర్రెల పని, గట్టు మీద పక్క రైతుతో మాట్లాడే నాలుగు మాటలు, అన్నీ ఒక్కసారే పోయాయి కదా! మనసు కుదుటపడ్డాక లేద్దామని మనం చూస్తుంటాం. ఈ ఆలోచన మీద నిలబడిన చికిత్సలో ముందు లేవాలి, మనసు వెనకాలే వస్తుంది.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం 1999లో ప్రకటించిన అధ్యయనంలో డిప్రెషన్ ఉన్న, 50 ఏళ్లు దాటిన 156 మంది పాల్గొన్నారు. కొందరికి వ్యాయామం, కొందరికి మాత్ర, కొందరికి రెండూ ఇచ్చారు. మొదట్లో మాత్రదే వేగం. 16 వారాలకు మాత్రం మూడు జట్లూ దాదాపు సమానంగా కోలుకున్నాయి.

వ్యాయామమే కాదు, ఇతర అలవాట్లూ పనికొస్తాయి. మన దేశంలోనే, గోవాలో, 60 దాటి దిగులు లక్షణాలున్న 181 మందిలో సగం మందికి సమస్యలను తేల్చుకునే పద్ధతి, నిద్ర అలవాట్లు నేర్పించి చూశారు. నేర్పింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. ఏడాదిలో నేర్చుకున్నవాళ్లలో డిప్రెషన్ బారిన పడింది సుమారు 4 శాతం, ఈ సాయం అందనివాళ్లలో 14. ఈ ఫలితాలు 2019లో వెలువడ్డాయి.

ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి? పది నిమిషాలతో. వేళ ముందే అనుకోండి. ఆ వేళకు బుద్ధి పుట్టినా పుట్టకపోయినా బయల్దేరాలి. హైవే పక్కన వద్దు, కాలనీ రోడ్డు చాలు. మోకాళ్లు నొస్తే కుర్చీలోంచి లేచి కూర్చోవడమూ వ్యాయామమే. "వాకింగ్‌కు పో" అని పంపేస్తే వెళ్లరు. "నాయినా, పాలు తెద్దాం పా" అంటూ చెప్పులేసుకుని మీరూ కదలండి. మనవడిని స్కూలు బస్సెక్కించే పని అప్పగించండి. తన కోసం ఒకరు ఎదురుచూస్తున్నారంటే మనిషి లేస్తాడు.

డాక్టరు రాసిన మాత్రలు సొంతంగా మానొద్దు. థైరాయిడ్, బి12 లోపాలూ ఇలాగే కనిపిస్తాయి, పరీక్ష చేయించండి. "నేను పోతే బాగుండు" అన్న మాట వినిపిస్తే తేలిగ్గా తీసుకోకుండా వెంటనే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత సేవ. రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు.