చేపల ఫ్యాక్టరీలో బస... మన గోదారి గట్టున?

పొద్దున్నే లేచి కిటికీ తీస్తే ఎదురుగా నది. మంచు తెరల వెనక అడవి. చుట్టూ చెక్క ఇళ్లు. ఒకప్పుడు అవి చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ ఉద్యోగుల కోసం కట్టినవి. ఇప్పుడందులో దిగేది పక్షుల్ని చూడ్డానికీ, నది మీద పడవలో తిరగడానికీ వచ్చే అతిథులు.

ఇది కెనడా పడమటి తీరంలో, స్కీనా నది సముద్రంలో కలిసేచోట ఉన్న కాసియర్ క్యానరీ కథ. 1903లో మొదలై 1983లో మూతపడింది. ఎనభై ఏళ్లపాటు ఆగకుండా సాల్మన్ చేపల్ని డబ్బాలకెక్కించింది. తలుపులు మూసేశాక చాలాకాలం గాలికీ వానకీ వదిలేశారు. తర్వాత వచ్చినవాళ్లు ఆ ఇళ్లనే బాగుచేసి, రంగులేసి, అతిథి గృహాలుగా మార్చారు. పెద్ద హోటలేం కట్టలేదు. ఉన్నదాన్నే నిలబెట్టారు.

ఇలాంటిది మన గౌతమి గట్టున, ఏ ఆలమూరు దగ్గరో ఉంటే ఎంత బావుంటుంది! కొబ్బరిచెట్ల నీడ, లంక పొలాలు, ఏటి గాలి, పళ్లెంలో పులస పులుసు... ఊహకేం, బావుంటుంది. మరి మనకలాంటి ఫ్యాక్టరీ ఏదీ?

డబ్బాకెక్కని పులస

ఆలమూరులో చేపల డబ్బాల ఫ్యాక్టరీ లేదు. ఏటికి ఎదురీదే చేప మాత్రం ఉంది. సాల్మన్‌కీ పులసకీ జాతి వేరు, రుచి వేరు. బతుకు మాత్రం ఒకటే. రెండూ ఉప్పునీటిలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మంచినీటి ఏటిలోకి ఎదురెక్కుతాయి. పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టి అక్కడే ప్రాణం వదిలేస్తుంది. పులస తిరిగి సముద్రానికి వెళ్లిపోతుంది. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. వరద రోజుల్లో ఎర్రనీటికి ఎదురీది గోదారెక్కితేనే పులస. పుస్తెలమ్మైనా పులస తినాలని మనవాళ్లు అన్నది ఈ రెండోదాని గురించే!

సాల్మన్ డబ్బాల వ్యాపారం అమెరికాలోని కొలంబియా నది మీద 1866లోనే మొదలైంది. తర్వాత ఆ తీరం వెంట వందల క్యానరీలు వెలిశాయి. మరి మనదగ్గర? మద్రాసు ప్రెసిడెన్సీలో మత్స్యశాఖకు పునాది వేసిన సర్ ఫ్రెడరిక్ నికల్సన్‌కు ఈ ఆలోచన రాకపోలేదు. 1907 తర్వాత ఆయన చేపల్ని డబ్బాల్లో నిల్వచేసే ప్రయోగాలు చేయించారు. అవి సాగింది మలబారు తీరంలో, కవ్వలు లాంటి చవక చేపలతో. గోదావరి దాకా ఆ గాలి రాలేదు.

ఎందుకు రాలేదంటే, లెక్క చాలా సులువు. డబ్బాల ఫ్యాక్టరీకి టన్నుల కొద్దీ చేప కావాలి, అదీ చవగ్గా దొరకాలి. పులస దొరికేది రెండు మూడు నెలలు. పడ్డ చేప పడ్డట్టే రేవులోనే అమ్ముడుపోతుంది. యానాం వేలంలో ఒక్క పులస ఇరవై వేల రూపాయలు దాటిన వార్తలు ఈమధ్య చూస్తూనే ఉన్నాం. అంత ధర పలికే చేపను రేకు డబ్బాలో పెట్టి ఎవరు అమ్ముతారు? మిగతా చేపలకు ఉప్పూ, ఎండా ఉండనే ఉన్నాయి. ఆ తర్వాత ఐసు వచ్చింది. ఇక డబ్బాతో పనేముంది!

నిల్వ సంగతంటారా... మన ఆడవాళ్లు ఎప్పుడో తేల్చేశారు. చింతపండు పులుసులో, మట్టి దాకలో, సన్నటి సెగ మీద ఉడికిన పులసను వండిన రోజు ముట్టుకోరు. మర్నాడు తింటేనే రుచి. ఏ ఇంజినీరూ చెప్పకుండానే కనిపెట్టిన నిల్వ విద్య అది.

ఆనకట్టకు అటూ ఇటూ

ఇక్కడే కథలో చేదు ముక్క ఒకటుంది. డెల్టాకు అన్నం పెట్టిన ఆనకట్టే పులసకు అడ్డుగోడ అయింది. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తిచేశారు. 1970 నుంచి 1982 దాకా కట్టిన 175 గేట్ల బ్యారేజీ దాని స్థానంలోకి వచ్చింది. సముద్రం నుంచి వచ్చే పులస ప్రయాణం దాదాపు అక్కడితో సరి. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక అలహాబాదు వైపు ఇలిష్ చేప రావడం తగ్గిపోయింది. కొలంబియా నదిపై 1942లో గ్రాండ్ కూలీ డ్యాం పూర్తయ్యాక ఎగువ నదిలో సాల్మన్ కనుమరుగైంది. ఏ దేశమైనా అదే తంతు.

అందుకే క్యానరీని అతిథి గృహం చేయడమంటే ఒక్కోచోట గుండె కలుక్కుమంటుంది. చేప నిండుగా ఉన్నన్నాళ్లూ అది ఫ్యాక్టరీ. చేపో, గిరాకీయో తగ్గాక అది జ్ఞాపకం. జ్ఞాపకానికి అద్దె కట్టి మనం నిద్రపోతాం. అమెరికాలోని ఆస్టోరియాలో 2005లో తెరిచిన క్యానరీ పియర్ హోటల్‌ను పాత జాలర్ల సహకార క్యానరీ ఉన్నచోట, నదిలోకి ఆరువందల అడుగుల దూరంలో దిగ్గొట్టిన పాత దుంగల మీదే కట్టారు. చూడ్డానికి రెండు కళ్లూ చాలవంటారు. కానీ ఆ రేవులో పని చేసిన జాలర్ల పిల్లలు ఇప్పుడేం చేస్తున్నారన్నది హోటల్ గదిలోంచి కనిపించదు కదా.

స్కీనా ఒడ్డునే ఉన్న నార్త్ పసిఫిక్ క్యానరీ (1889) ఆ సంగతిని దాచకుండా చూపిస్తుంది. దాన్ని మ్యూజియం చేశారు. చైనావాళ్లకు ఓ బస, జపానువాళ్లకు ఓ బస, స్థానిక ఆదివాసీలకు ఇంకోటి, తెల్లవాళ్లకు వేరే. ఎవరి వరస వారిదే. అందమైన నది ఒడ్డున ఆ అసమానతనూ అలాగే నిలిపి చూపించారు. నాకు హోటల్ కన్నా ఇదే నచ్చింది.

మన దగ్గరున్న పాత ఇనుము

సరే, మనకు క్యానరీ లేదు. పని అయిపోయిన పాత కట్టడం లేకపోలేదు. ఆలమూరుకు ఎగువన రాజమండ్రిలో ఉంది. దాని పేరు హేవలాక్ వంతెన.

1897 నవంబరులో పని మొదలైంది. 1900 ఆగస్టు 30న తెరిచారు. ఒక్కోటి 150 అడుగుల పొడవున్న 56 ఇనుప స్పాన్‌లు. కాశీలో గంగమీద డఫరిన్ వంతెన కట్టిన గ్రాన్‌విల్ వాల్టన్ దీనికీ ఇంజినీరు. అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు. కలకత్తా, మద్రాసు రైళ్లు ఒకదాన్నొకటి అందుకున్నది దీనిమీదే. 1974లో రోడ్డూ రైలూ కలిసిన వంతెన వచ్చింది. 1997లో కొత్త ఆర్చి వంతెన వచ్చాక హేవలాక్‌కు విశ్రాంతి ఇచ్చారు. అప్పట్నుంచీ అదలా నిలబడే ఉంది. పక్క వంతెన మీద రైల్లో వెళ్తూ చూసినవాళ్లందరికీ ఒకటే ప్రశ్న... దీన్నేం చేస్తారు?

ఆ ప్రశ్నకు 2025 జూన్ 26న జవాబు లాంటిది దొరికింది. అఖండ గోదావరి ప్రాజెక్టుకు ఆ రోజు పుష్కర ఘాట్ వద్ద కేంద్ర పర్యాటక మంత్రి గజేంద్ర సింగ్ షెకావత్, రాష్ట్ర ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ శంకుస్థాపన చేశారు. అంచనా 94.44 కోట్ల రూపాయలు. హేవలాక్ వంతెన, పుష్కర ఘాట్, బ్రిడ్జి లంక, కడియం నర్సరీలు, నిడదవోలు కోటసత్తెమ్మ ఆలయం... ఇవన్నీ అందులో ఉన్నాయి. కడియం అంటే ఆలమూరుకు పొరుగే. వచ్చే పర్యాటకుడు కడియం దాకా వచ్చి, జొన్నాడ దాకా రాడా?

రావచ్చు. జాతీయ రహదారి మీద జొన్నాడ, రావులపాలెం మధ్య గౌతమి వంతెన దాటేటప్పుడు ఎంతమంది కిటికీ అద్దం దించి చూస్తారో! కానీ అక్కడ బండి ఆపుకునే వీలుండదు. కోనసీమకు వాకిలి లాంటి ఊరు ఆలమూరు. 2022లో కోనసీమ జిల్లాలోకి వచ్చింది గానీ, గౌతమికి ఇవతలి గట్టునే ఉంది. కోనసీమ దీవి అవతలి గట్టున. ఈ చిత్రమైన సంగతి బయటివాళ్లకు చెబితే నమ్మరు.

ఆలమూరు వైపు మరో పాత కట్టడాల వరసా ఉంది. అవే కాలువలు. కాటన్ దొర కాలువలు నీళ్లకే కాదు, పడవలకూ. కాకినాడ నుంచి ధవళేశ్వరం, అక్కణ్నుంచి ఏలూరు, బెజవాడ, బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు దాకా ధాన్యం పడవల్లోనే వెళ్లేది. రోడ్లూ రైళ్లూ వాటిని మింగేశాయి. 2008లో ఈ దారిని నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. లాకులు, లాకుల పక్క పాత బంగళాలు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. ఇంగ్లండులో లాకు కాపలావాడి చిన్న ఇంటిని బాగుచేసి వారాంతాలకు అద్దెకిస్తారు. మన లాకు బంగళాకు అదృష్టం ఎప్పుడో!

వరద మాటేమిటి?

గట్టున బస కట్టాలనుకునేవాళ్లు ముందు చూడాల్సింది నది ముఖం కాదు, నది కోపం. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పైగా దిగువకు పోయింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. లంక ఊళ్లవాళ్లు ఇంటి అరుగు ఎత్తుగా ఎందుకు కట్టుకుంటారో ఆ అంకెలే చెబుతాయి. ఏటా ఏటికోతలో లంక భూములు కరిగిపోతుంటాయి. కొబ్బరిచెట్టు వేళ్లతో సహా ఏట్లో పడిపోవడం అక్కడివాళ్లకు కొత్తేమీ కాదు. ఆ గట్టు మీద సిమెంటు గదులు పోసేస్తే, ముందు గట్టు పోతుంది, తర్వాత గదులు.

ఇంకో చిక్కుంది. పులస వచ్చేది వరద రోజుల్లో. పర్యాటక పడవలు ఆపేసేదీ ఆ రోజుల్లోనే. ఆపాల్సిందే కూడా. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగి పదుల ప్రాణాలు పోయిన సంగతి ఎలా మరుస్తాం? కాబట్టి పులస పులుసు, పడవ షికారు... రెండూ ఒకే టిక్కెట్టులో ఇస్తామని ఎవరైనా ప్రకటన వేస్తే అనుమానించండి. శీతాకాలంలో వచ్చినవాడికి నది నీలంగా, నెమ్మదిగా కనిపిస్తుంది. వాడి పళ్లెంలో పులస ఉండదు. పులస పేరు చెప్పి మరేదో వడ్డిస్తే, రేవు తెలిసినవాళ్లు మొదటి ముద్దకే పట్టేస్తారు.

రేవు ఎవరిది?

చివరికి తేలాల్సింది రేవు. జాలరికి రేవంటే వల ఆరేసే చోటు, పడవకు తారు పూసే చోటు, చేప దించి అమ్ముకునే చోటు. పర్యాటకానికి కావాల్సిందీ అదే చోటు. కుర్చీలు వేయడానికి, ఫొటోలు దిగడానికి. ఇద్దరికీ చోటు మిగల్చని ప్రాజెక్టులో పేరుకు ముందు 'ఎకో' అని ఎన్నిసార్లు రాసినా ఫలితం లేదు.

మనకు దగ్గర్లోనే రెండు ఉదాహరణలున్నాయి. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితుల గిరిజనులే వచ్చినవారికి బస, భోజనం చూసుకునే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. కాకినాడ పక్క కోరింగ మడ అడవుల్లో చెక్క వంతెన మీద నడిచేవాళ్లు అక్కడి జాలరి పల్లెల మధ్య నుంచే వెళ్తారు. వశిష్ఠ గట్టున దిండిలో పర్యాటక సంస్థ కొబ్బరితోటల మధ్య రిసార్టు నడుపుతోంది. దానికీ దాని అభిమానులున్నారు. నన్నడిగితే ఆలమూరు వైపు దిండి పద్ధతి కన్నా మారేడుమిల్లి పద్ధతి బాగా నప్పుతుంది. లంకలో ఎత్తు అరుగుల ఇళ్లు ఉండనే ఉన్నాయి. ఓ గది ఖాళీ చేసి, మరుగుదొడ్డి బాగుచేసి, ఏరు చూపించే మనిషి ఉంటే చాలు. పెంటయ్యేది ఒక్కటే... చెత్తా, మురుగూ ఎక్కడికి పోతాయన్నది. ఏట్లోకి వదిలేస్తే చేపా ఉండదు, అతిథీ ఉండడు.

హేవలాక్ వంతెన సంగతికొస్తే, గోదావరి పుష్కరాలు 2027 జూన్ 26న మొదలవుతాయి. ఆలోపు వంతెన ముస్తాబు కావాలన్నది ఆశ. ఆ పన్నెండు రోజుల జనం తగ్గాక ఎర్రనీరు పెరుగుతుంది. కింద వలలు దిగుతాయి. అప్పుడు వంతెన మీద నడిచేవాళ్లకు పైనుంచి జాలరి పడవలు కనిపించాలి. చేప పడిందా లేదా అని రెయిలింగు మీదికి వంగి అడగ్గలిగేంత దగ్గరగా.