పుదుచ్చేరి తీరం నేర్పిన పాఠం

నదీతీరాల అభివృద్ధి అనగానే అహ్మదాబాద్‌లోని సబర్మతి తీరం వలె నడకదారులు, ఉద్యానవనాలు గుర్తుకు వస్తాయి. నది సముద్రంలో కలిసే చోట వెలసిన పట్టణాలకు అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. అది ఇసుక. పుదుచ్చేరి ఈ సత్యాన్ని గ్రహించడానికి భారీ మూల్యమే చెల్లించింది.

పట్టణానికి దక్షిణాన అరియాంకుప్పం నదీముఖం వద్ద 1980వ దశకం చివరలో రేవు నిర్మించారు. పడవల రాకపోకలకు వీలుగా ఇరువైపులా సముద్రంలోకి రాతి గోడలు కట్టారు. తూర్పు తీరం వెంబడి అలల తాకిడికి ఏటా లక్షలాది ఘనపు మీటర్ల ఇసుక ఉత్తర దిశగా తరలిపోతూ ఉంటుంది. ఆ ఇసుకకు గోడలు అడ్డుపడ్డాయి. దక్షిణాన ఇసుక మేట వేయగా, ఉత్తరాన పట్టణం ఎదుట ఉన్న బీచ్ కోతకు గురై కనుమరుగైంది. రేవులో చేరిన ఇసుకను అవతలికి తరలించాలన్న ఏర్పాటు పథకంలో ఉన్నా, అది సక్రమంగా అమలు కాలేదు.

గాంధీ విగ్రహం ఉన్న బీచ్ రోడ్డును కాపాడేందుకు బండరాళ్లు పేర్చారు. రోడ్డు నిలిచింది గానీ కోత ఆగలేదు. అది ఉత్తరాన ఉన్న మత్స్యకార గ్రామాలకు, అక్కడి నుంచి తమిళనాడు సరిహద్దులోకి పాకింది. పడవలు ఒడ్డుకు లాగడానికి, వలలు ఆరబెట్టడానికి మత్స్యకారులకు జాగా కరవైంది.

ఆస్ట్రేలియాలోని ట్వీడ్ నదీముఖం వద్దా ఇదే జరిగింది. 1960వ దశకంలో అక్కడి గోడలను పొడిగించడంతో ఉత్తరాన ఉన్న గోల్డ్ కోస్ట్ బీచ్‌లు చిక్కిపోయాయి. న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాలు ఒప్పందం కుదుర్చుకుని, 2001లో శాశ్వత పంపింగ్ వ్యవస్థను ప్రారంభించాయి. నది కింద వేసిన గొట్టాల ద్వారా ఇసుక అవతలి తీరానికి చేరుతుంది. విశాఖపట్నంలోనూ ఔటర్ హార్బర్ వద్ద తవ్వి తీసిన ఇసుకను రామకృష్ణా బీచ్‌కు మళ్లించడం తెలిసిందే.

పుదుచ్చేరిలో సచివాలయం సమీపాన 2018లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నీటి అడుగున ఉక్కుతో కృత్రిమ దిబ్బను ఏర్పాటు చేసింది. దాని చాటున ఇసుక చేరి, పట్టణ ప్రజలు ఏళ్ల తరువాత బీచ్‌ను తిరిగి చూడగలిగారు. అయితే ఒక్కచోట ఇసుక నిలిచినంత మాత్రాన తీరమంతా కోలుకోదు. కోతకు రాష్ట్రాల సరిహద్దులు లేవు. ట్వీడ్ వద్ద రెండు ప్రభుత్వాలు కలిసి చేసిన పనిని పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వాలూ చేపట్టవలసి ఉంది. గోడ ఒకసారి కడితే సరిపోతుంది, ఇసుకను మాత్రం ఏటా దాటించవలసిందే.