తొలి దృశ్యమునకు తగిన పాట

పాఠశాల విద్యార్థులు కొందఱు కలిసి పది నిమిషముల చలనచిత్ర మొకటి తీయదలచిరనుకొందము. కథాకాలము 1930వ సంవత్సరము, ఏప్రిల్ మాసము. స్థలము కృష్ణాజిల్లా సముద్రతీరమునగల యొక పల్లె. ఏప్రిల్ 6వ తేదీన దండి తీరమున గాంధీమహాత్ముడు ఉప్పును చేతికెత్తుకొనెనన్న వార్త ఆ పల్లెకు చేరినది. తెలతెలవాఱుచుండగా ఒక యువకుడు కుండ చేతబట్టుకొని, ఇల్లు విడిచి సముద్రమువైపు నడచుచున్నాడు. తల్లి గడపలో నిలిచి చూచుచున్నది. మొదటి నిమిషమంతయు ఇదియే, మాటలు లేవు. ఆ నిమిషమున ఏ పాట వినిపింపవలెను?

వేకువ యనగానే మనకు సుప్రభాతము స్ఫురించును. ఆ శ్లోకములు కొన్ని శతాబ్దముల నాటివే. కాని నేడు మన చెవులకు పరిచితమైన శ్రీమతి ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి గానము 1963లో రికార్డుకెక్కినది. సాహిత్యము పాతదైనంత మాత్రమున మన మెఱిగిన గానము పాతది కాదు. కథాకాలమునకు 33 ఏండ్ల తరువాతి ధ్వనిని ఆ వీధిలో వినిపించుట యెట్లు?

మఱియొకరు, "హరిదాసును చూపుదము" అందురు. తలపై అక్షయపాత్ర, చేత చిడతలు, భుజమున తంబుర — చూచుట కెంత అందము! సంవత్సరమునుబట్టి తప్పులేదు. అయితే హరిదాసు వచ్చునది ధనుర్మాసమున. అది సంక్రాంతితో ముగియును. ఏప్రిల్ మాసమున ఆయనకు ఆ వీధిలో పనియేమి? పట్టణవాసులు గమనింపకపోవచ్చును గాని, మీ చిత్రము చూడవచ్చిన పల్లెటూరి అవ్వ క్షణములో పట్టుకొనును. అటుపై మీరు చూపు ఉప్పు కుండను, పోలీసు లాఠీని కూడ ఆమె నమ్మదు.

సినిమాపాట అసలే పనికిరాదు. తొలి తెలుగు మాటల చిత్రమైన 'భక్త ప్రహ్లాద' 1932లో గాని రాలేదు. అఖిలభారత రేడియో మద్రాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను ఆరంభమైనవి.

గ్రామఫోను మాట వేఱు. మన దేశమున పాటలను రికార్డు చేయుట 1902లోనే మొదలైనది. లక్క ముఖ్యద్రవ్యముగా చేసిన పది అంగుళముల పలక నిమిషమునకు 78 మారులు తిరుగును. ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషముల పాటయే పట్టును. అందుచేత కచేరీలో అరగంట పాడు కీర్తననైనను గాయకులు కుదించి పాడవలసివచ్చెడిది. ఆ బిగువు, ఆ తొందర ఆ కాలపు రికార్డుల గుర్తులు. నేటి పాటపై చిటపట శబ్దము చేర్చినచో అది 1930 నాటిది కాజాలదు. అయినను, ఆనాడు గ్రామఫోను కొనగలవా రెందఱు? మన యువకుని పూరింట అది యుండదు. ఊరి మోతుబరి మేడలో ఉండవచ్చును. అట్లు చూపదలచినచో, యువకుడు మేడను సమీపించునపుడు పాట హెచ్చి, దాటిన పిదప సన్నగిల్లవలెను.

నా మట్టుకు, ఈ దృశ్యమునకు వాద్యము లేని ఒంటి కంఠమే తగినదని తోచును. సహాయనిరాకరణ దినములలో గరిమెళ్ళ సత్యనారాయణగారు తెల్లవారి పాలనను నిరసించుచు పాట వ్రాసి, దానికై చెఱసాలకు వెళ్లిరి. 1930 నాటికి అది జనుల నోళ్లలో నానిన పాట. మన యువకుడు దానిని బిగ్గరగా పాడడు. ఎవరి చెవినైన పడునేమో యను జంకు కలదు గదా! నడచుచు గొణుగుకొనును. ఆ జంకును ఏ వీణయు, ఏ వేణువును పలికింపజాలవు.

అనుమతి మాటయు చూచుకొనవలెను. మన చట్టమునుబట్టి రచయిత మరణించిన మఱుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లు రచనపై హక్కు నిలుచును. గరిమెళ్ళవారు 1952లో కీర్తిశేషులైరి. కావున ఆ హక్కు 2012తో ముగిసినది. కాని ఇతరులు పాడిన రికార్డును ఎత్తి వాడుకొనరాదు. ధ్వనిముద్రణపై వేఱుగా హక్కుండును. మీ తరగతి బాలునిచేతనే పాడించుడు. శ్రుతి కొంచెము చెదరినను దోషము లేదు. ఇసుకలో నడచువానికి ఆయాసము సహజము.

ఇక పాట ఎక్కడ ఆగవలెను? తల్లి ముఖము కనబడునంతవఱకు సాగనిండు. యువకుడు తాటితోపు దాటి, ఎదుట సముద్రమును చూచినపుడు చరణము నడుమనే ఆపివేయుడు. కెరటముల చప్పుడు మాత్రమే మిగులును. చిత్రము పేరు అప్పుడు తెరపైకి రావలెను.