కోళ్లకు తెగులొస్తే మీ కళ్లు జాగ్రత్త!

పెరటి కోళ్లు పెంచే రైతులకు కొక్కెర తెగులు (రాణిఖెట్) కొత్త కాదు. కోళ్లు నోరు తెరిచి గురక పెడతాయి, పచ్చగా పారుకుంటాయి, మెడ మెలికలు తిరుగుతుంది. అలాంటి కోడిని పట్టుకుని మందు పోసిన మనిషికి రెండు రోజుల్లో కన్ను ఎర్రబడి నీరు కారితే, మామూలు కళ్లకలకే కదా అని ఊరుకుంటాం. కానీ అది కోడి నుంచి అంటిన వైరస్ కావచ్చు.

కంటికే ఎందుకు?

రెట్ట, చీమిడి అంటిన చేత్తో కన్ను నలుపుకున్నా, కోడిని కోసేటప్పుడు తుంపర పడినా వైరస్ కంట్లో చేరుతుంది. కన్నీరు సన్నని గొట్టం గుండా ముక్కులోకి, గొంతులోకి దిగుతుంది. వైరస్‌కూ అదే దారి.

రాణిఖెట్ వల్ల వచ్చిన ఎరుపు సాధారణంగా వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. బర్డ్ ఫ్లూ సంగతి వేరు. 2003లో నెదర్లాండ్స్‌లో 89 మందికి బర్డ్ ఫ్లూ సోకింది. ఎక్కువమందికి కళ్లకలకతోనే పోయింది గానీ, ఒక పశువైద్యుడు న్యుమోనియాతో చనిపోయారు. 2025 ఫిబ్రవరిలో మన ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లోనూ బర్డ్ ఫ్లూ బయటపడింది. కోళ్లకు వచ్చింది రాణిఖెట్టా, బర్డ్ ఫ్లూనా అన్నది కంటితో చూసి చెప్పలేం. ల్యాబు పరీక్షలోనే తేలుతుంది.

ఏం చేయాలి?

* కోళ్లు ఒక్కసారిగా చస్తుంటే వెంటనే పశువైద్యశాలకు కబురు చేయండి. వారు చెప్పినట్టు లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి.
* చచ్చిన కోడిని ఒట్టి చేత్తో ముట్టకండి. చేతికి ప్లాస్టిక్ సంచి, ముక్కుకు నోటికి గుడ్డ, కళ్లకు అద్దాలు ఉండాలి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగండి.
* జబ్బు కోడిని కోసుకు తినడం, సంతకు తీసుకుపోయి అమ్మడం వద్దు.
* ఎర్రబడిన కంట్లో ఆకు పసర్లు, చనుబాలు పోయకండి. షాపులో అడిగి తెచ్చిన చుక్కలు కూడా వేయకండి.
* కోళ్లను ముట్టిన పది రోజుల్లోపు కన్ను ఎర్రబడితే ఆసుపత్రికి వెళ్లండి. జ్వరం, దగ్గు, ఆయాసం కూడా ఉంటే ఆ రోజే వెళ్లాలి. "మా కోళ్లు చచ్చాయి, నేను ముట్టుకున్నాను" అని మీరే ముందుగా చెప్పండి. ఫ్లూ మందు మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది.

రాణిఖెట్‌కు టీకా ఉంది. 5-7 రోజుల పిల్లలకు లసోటా చుక్క, 6-8 వారాలకు రెక్క కింద సూది వేయించండి. టీకా వేసేటప్పుడు కూడా మందు మీ కంట్లో చిందకుండా చూసుకోండి.