రొమ్ము కాన్సరు నుండి కోలుకొన్న స్త్రీలు – వారి హృదయారోగ్యము

ప్రపంచమంతటా స్త్రీలకు వచ్చే కాన్సర్లలో రొమ్ము కాన్సరుదే ప్రథమ స్థానం. 2020 లో సుమారు 23 లక్షల మందికి ఈ వ్యాధి కొత్తగా బయటపడింది. తొలి దశలోనే గుర్తించి చికిత్స చేసినచో, ఆ పిమ్మట ఇరువది సంవత్సరాలు జీవించడం నేడు వింత కాదు. అయితే ఆ సంవత్సరాలు ఎట్లా గడుస్తున్నవి అన్న ప్రశ్న మన ఇండ్లలో అరుదుగా వినిపిస్తుంది. మెట్లెక్కితే ఆయాసం, నీళ్ళ బిందె ఎత్తితే నిస్సత్తువ, సాయంకాలానికి పాదాల వాపు – వీటన్నిటికీ "పెద్ద జబ్బు చేసి లేచిన మనిషి గదా" అని సమాధానం చెప్పుకొంటాము. ఆ అలసటకు కారణాలు అనేకం. అందులో ఒకటి గుండె బలహీనత కావచ్చును.

ఇందుకు మూలం ఒక్కొక్కప్పుడు చికిత్సలోనే కలదు. మేము భాష బోధించేవారము గనుక ఒక మందు పేరు దగ్గర కొంచెం ఆగుతాము. ఇటలీ దేశపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి జాతి నుండి 1960 దశకంలో తయారైన ఎర్రని మందుకు, ఆ దేశపు తూర్పు తీరాన గల అడ్రియాటిక్ సముద్రం పేరిట 'అడ్రియామైసిన్' అని నామకరణం చేశారు. డాక్సోరుబిసిన్ అనేది కూడా ఇదే. కాన్సరు కణాలను సంహరించడంలో దీని శక్తి గొప్పది. కాని ఇది గుండె కండరాన్ని కూడ గాయపరచగలదు. రాలిన జుట్టు మళ్ళీ మొలుస్తుంది. నశించిన గుండె కణానికి బదులు కొత్తది పుట్టడం బహు స్వల్పం. మనమేమో జుట్టు కోసమే దుఃఖిస్తాము!

ప్రమాదం మొత్తం మోతాదును బట్టి పెరుగుతుంది. నాలుగు వేలకు పైగా రోగుల వివరాలను పరిశీలించి 1979 లో ప్రకటించిన లెక్క ప్రకారం, శరీరపు వైశాల్యంలో చదరపు మీటరుకు మొత్తం 400 మిల్లీగ్రాములు చేరినవారిలో నూటికి ముగ్గురికి, 550 చేరినవారిలో ఏడుగురికి, 700 చేరినవారిలో పద్ధెనిమిది మందికి గుండె వైఫల్యం కలిగింది. నేడు రొమ్ము కాన్సరుకు సాధారణంగా ఇచ్చేది 240 మాత్రమే. కనుక భయపడి చికిత్స మానుకోవడం అవివేకం.

1998 లో వాడుకలోకి వచ్చిన ట్రాస్టుజుమాబ్ కూడా గుండె బలాన్ని తగ్గించవచ్చు. అయితే మందు ఆపితే చాలామందిలో ఆ బలం తిరిగి వస్తుంది. అందుకే అది వాడుతున్నంత కాలం సుమారు మూడు నెలలకొకసారి ఎకో పరీక్ష చేస్తారు.

ఇక రేడియేషన్. గుండె ఎడమవైపుకు ఒరిగి ఉండుటచేత ఎడమ రొమ్ముకు చికిత్స పొందినవారికి జాగ్రత్త ఎక్కువ అవసరం. స్వీడన్, డెన్మార్క్ దేశాల స్త్రీలపై జరిపి 2013 లో ప్రకటించిన పరిశోధనలో, గుండెకు తగిలిన కిరణాల మోతాదు పెరిగినకొద్దీ గుండెపోటు వంటి ఆపదలు పెరిగినవనీ, ఆ ప్రభావం కనీసం ఇరువది ఏండ్లు నిలిచినదనీ తేలింది. నేడు దీర్ఘంగా శ్వాస పీల్చి బిగబట్టమని చెప్పి కిరణాలు ప్రసరింపజేస్తున్నారు. ఊపిరితిత్తులు నిండి గుండె ఛాతీ గోడకు దూరంగా జరుగుతుంది.

రక్తపోటు, మధుమేహం ఉన్నవారికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. వాటిని అదుపులో ఉంచడం, వైద్యుని అనుమతితో రోజూ నడవడం గుండెకు మేలు చేస్తాయి. కాని మన ఇండ్లలో చికిత్స ముగిసిన నాటి కాగితాలు పెట్టె అడుగుకు చేరిపోతాయి. ఏ మందు ఇచ్చారు, మొత్తం ఎంత ఇచ్చారు, కిరణాలు ఏ వైపు ఇచ్చారు – పదేండ్ల తరువాత ఆయాసంతో వచ్చిన స్త్రీని పరీక్షించే వైద్యునికి కావలసిన సమాచారం ఆ కాగితాలలోనే ఉన్నది.