రాగి దేగ్‌కు కళాయి ఎందుకు? జవాబు ఇంటర్ కెమిస్ట్రీలో ఉంది

వలీమా వంటకు రాగి దేగ్ దింపగానే అనుభవం ఉన్న వంటమాస్టర్ ముందుగా లోపల కళాయి ఎలా ఉందో చూస్తాడు. ఎర్రగా రాగి బయటపడి ఉంటే అందులో వండడు. ఆయన కంటితో చూసి చెప్పే సంగతినే పిల్లలు 'ఎలక్ట్రోడ్ పొటెన్షియల్' పేరుతో బట్టీ పడుతుంటారు.

ఏ లోహమైనా ఎలక్ట్రాన్లు వదిలి ద్రావణంలోకి అయాన్లుగా దిగగలదు. కొన్ని తొందరగా వదులుతాయి, కొన్ని గట్టిగా పట్టుకుంటాయి. ఈ గుణాన్ని ఒక్క లోహంలో విడిగా కొలవలేం. ఇంకోదానితో తేడానే కొలవగలం. అందుకే హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌ను సున్నా అనుకుని మిగతావాటికి అంకెలు ఇచ్చారు: జింకు మైనస్ 0.76 వోల్టులు, ఇనుము మైనస్ 0.44, తగరం మైనస్ 0.14, రాగి ప్లస్ 0.34. అంకె ఎంత కిందికి ఉంటే ఆ లోహం అంత త్వరగా కరుగుతుంది.

1836లో జాన్ ఫ్రెడరిక్ డేనియల్ చేసిన ఘటంలో ఉన్నది జింకు, రాగి. జింకు కరుగుతూ వదిలిన ఎలక్ట్రాన్లు తీగ గుండా రాగి వైపు వెళ్తాయి. అక్కడ ద్రావణంలోని రాగి అయాన్లు వాటిని తీసుకుని లోహంగా పేరుకుంటాయి. రెండు అంకెల తేడా 1.10 వోల్టులు. అదే ఘటం వోల్టేజి.

ఇప్పుడు దేగ్ సంగతి. కళాయి అంటే తగరం. పూత మీద చిన్న గీత పడినా, రాగి కంటే ముందు తగరమే కరుగుతుంది కాబట్టి రాగి కొంతవరకు భద్రం. పూత బాగా అరిగిపోతే ఆ కాపలా ఉండదు.

తెలివైన విద్యార్థికి ఇక్కడ ఒక అనుమానం రావాలి. రాగి అంకె హైడ్రోజన్ కంటే పైన ఉంది కదా, మరి చింతపండు పులుసు దాన్నేం చేస్తుంది? ఆమ్లం ఒక్కటే అయితే దాదాపు ఏమీ చేయలేదు. కానీ వంటలోకి గాలి కూడా చేరుతుంది. ఆమ్లంలో ఆక్సిజన్ అంకె ప్లస్ 1.23. రాగి నుంచి ఎలక్ట్రాన్లు లాగేసేది అదే. అలా కరిగిన రాగి ఎక్కువైతే వాంతులు, కడుపునొప్పి వస్తాయి. పెరుగు, టమాటా, నిమ్మరసం పడ్డ వంటను కళాయి పోయిన పాత్రలో రాత్రంతా ఉంచడం మరీ ప్రమాదం.

జింకు పూసిన ఇనుప బకెట్ కథా ఇలాంటిదే. గీత పడ్డ చోట జింకు కరుగుతూ ఇనుమును తుప్పు నుంచి కాపాడుతుంది. నీళ్లకు సరే గానీ, అందులో పులుపు కలిపిన మాంసం మాత్రం నానబెట్టకూడదు. జింకు కరగడానికి ఆక్సిజన్ సాయం కూడా అక్కర్లేదు.